పైన నాలుగు లైన్లు

మా వదిన నా మొదటి వ్యాసాన్ని చదివి, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తి, బల్ల మీద నా వైపు వదిలేసింది. ఇందులో నువ్వు చెప్పేదేమిటో ఒక్క వాక్యంలో చెప్పమంది. ఆసుపత్రుల్లో పరిశుభ్రత గురించి అన్నాను. దేని గురించని తను అడగలేదట, ఏమంటున్నావని అడిగిందట. పరిశుభ్రత చాలా ముఖ్యమైనదని అంటున్నానన్నాను.

“ముఖ్యం కాదన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు” అంది. “ఎవరూ కాదనని మాట చెప్పడానికి నువ్వెందుకు? గోడ మీద రాసి పెడితే చాలదూ?”

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని కూర్చోవడానికే ఆ మెట్లెక్కి వచ్చాను మరి.

వదిన అంటే మా ఆయనకు అక్క. ముప్పై మూడేళ్ళు వేరే ఊరి కాలేజీలో పిల్లలకు వ్యాసం రాయడం నేర్పింది. పిల్లలు చాటుగా ఆవిడను ఎర్ర పెన్సిలు అనేవాళ్ళట. రిటైరయ్యాక మా ఇంటి పై అంతస్తులో దిగింది. కింద మేం, పైన ఆవిడ, మధ్యలో పద్దెనిమిది మెట్లు. నాలుగున్నరేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. నీళ్ళ మోటారు వెయ్యాలన్నా, వీధి తలుపు తాళంచెవి కావాలన్నా కబురు మా ఆయన ద్వారానే. ఆయన లిఫ్టు మెకానిక్కు. పగలంతా ఊళ్ళో లిఫ్టులు బాగుచేసి, ఇంటికొచ్చాక తనే లిఫ్టయిపోయి మా మాటలు పైకీ కిందికీ మోసేవాడు. దారిలో వాటి వేడి కాస్త తగ్గించడం కూడా పాపం ఆయనే నేర్చుకున్నాడు.

మాటలు పోయింది మా అత్తగారు పోయిన రోజున. పధ్నాలుగు నెలలు మంచంలో ఉంది. చూసినదాన్ని నేను. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి డాక్టరు వచ్చి, ఈ పూట గడవడం కష్టం, చెప్పవలసిన వాళ్ళకి చెప్పుకోండి అన్నాడు. మా ఆయన పక్క జిల్లాలో ఏదో కొత్త భవనానికి లిఫ్టు బిగిస్తున్నాడు, ఫోను అందలేదు. వదిన ఊరు బస్సులో ఆరు గంటలు. నేను ఆవిడకు ఫోను చెయ్యలేదు. సాయంత్రం నాలుగింటికి అత్తగారు పోయింది. మా ఆయన కబురందుకుని అక్కకు చెబితే, ఆవిడ మర్నాడు తెల్లవారుజామున దిగింది. ఇంటి నిండా జనం ఉండగా, నా మొహం చూడకుండా, గోడకు చెప్పినట్టు ఒక్క మాట అంది.

“పొద్దున ఎనిమిదింటికే తెలుసట. ఫోను చెయ్యడానికి చేతులు రాలేదు కాబోలు.”

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. అంతే, ఆ తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు, నేనూ ఆవిడతో మాట్లాడలేదు.

ఇక ఆ మెట్లు ఎందుకెక్కానో చెప్పాలి. నేను పెద్దాసుపత్రిలో పనిముట్లు శుభ్రం చేసే గదిలో పనిచేస్తాను. ఆపరేషన్లలో వాడిన కత్తెరలు, పట్టకార్లు, గిన్నెలు అన్నీ మా దగ్గరికి వస్తాయి. కడిగి, ఆరబెట్టి, ఏ ఆపరేషనుకు కావలసినవి ఆ ట్రేలో సర్ది, గుడ్డలో మూటకట్టి, ఆవిరి యంత్రంలోకి పంపిస్తాం. ప్రతి మూట పైనా ఒక చీటీ అంటిస్తాం. లోపల ఏమేం ఉన్నాయి, కట్టిందెవరు అని. అక్కడ బల్ల మీద మనిషి కడుపు కోసి ఉంచి, ఇక్కడ మూటలు విప్పి వెతికే వీలుండదు. చీటీ చదివే తీసుకుంటారు. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఈ పందొమ్మిదేళ్ళలో ఐదుగురు ఇన్‌చార్జీలు బయటినుంచి వచ్చారు. ఐదుగురికీ పని నేర్పింది నేను. నేర్చుకున్న మర్నాటినుంచే ఐదుగురూ నాకు పని చెప్పారు.

ఇన్‌చార్జి కావాలంటే శాఖ పరీక్ష పాసవ్వాలి. పని గురించి అడిగే పేపర్లలో నాకు తిరుగులేదు. వ్యాసం పేపరు దగ్గరే రెండుసార్లు బోర్లాపడ్డాను. యాభైకి ఇరవై ఐదు రావాలి. ఒకసారి పద్నాలుగొచ్చాయి, ఒకసారి పదహారు. నలభై ఐదేళ్ళు నిండితే ఇక రాయనివ్వరు. నాకు నలభై నాలుగు నిండి ఏడు నెలలైంది. ఇదే ఆఖరిసారి. ఈసారీ పోతే ఆరోవాడు వస్తాడు, వాడికీ నేనే నేర్పాలి, రిటైరయ్యేదాకా వాడి కింద తల వంచుకుని మూటలు కట్టాలి.

పైన మనిషిని పెట్టుకుని బయట ట్యూషన్లెందుకు అన్నాడు మా ఆయన. చచ్చినా వెళ్ళనన్నాను. నాలుగు రోజులు ఏమీ తోచక తిరిగి, ఐదో రోజు అడిగి చూడమన్నాను. లిఫ్టు పైకి వెళ్ళి జవాబు తెచ్చింది. ఆదివారం మూడు గంటలకు రమ్మందట. కుర్చీ మాత్రం నన్నే తెచ్చుకోమందట.

తెచ్చుకున్నాను. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీని ఎత్తి పట్టుకుని పద్దెనిమిది మెట్లెక్కాను. ఆవిడ గదిలో రెండు కుర్చీలు ఉండనే ఉన్నాయి. వాటి నిండా పుస్తకాలు పెట్టింది, అవి కూర్చోవచ్చు, నేను కూర్చోకూడదు. కిటికీ పక్కన బల్ల, బల్ల అంచుకు బిగించిన పెన్సిలు చెక్కే మర, పక్కనే మూడు ఎర్ర పెన్సిళ్ళు సూదుల్లా చెక్కి. కూర్చోగానే ఒక సంగతి తేల్చి చెప్పింది. నా మీద ప్రేమ పుట్టి రమ్మనలేదట. ఈ ఇంట్లోంచి చెడ్డ వ్యాసం బయటికి పోవడం తనకు ఇష్టం లేదట. మంచిది, నాక్కూడా ప్రేమ పుట్టి రాలేదు.

పరీక్షకు ఆరు ఆదివారాలున్నాయి. మొదటిది బొద్దింకతో గడిచింది. వెళ్ళేటప్పుడు ఆవిడ చెప్పిందేమంటే, వ్యాసానికి ప్రాణం ఒకే ఒక్క వాక్యంలో ఉంటుందట. దాన్ని ప్రతిపాదన అంటారట. ఫలానా విషయంలో నేను ఫలానా పక్షాన ఉన్నాను, ఫలానా కారణం చేత, అని చెప్పే వాక్యం. దాన్ని చదివి ఎదుటివాడు కాదు అనగలగాలట. కాదనడానికి వీల్లేకపోతే అది వాక్యమే గానీ ప్రతిపాదన కాదట. వచ్చే వారానికి వ్యాసం రాసుకు రమ్మని కాగితం ముక్క మీద అంశం రాసిచ్చింది. మెట్లు దిగుతూ చదివాను. ‘ఇంట్లో పెద్దల పట్ల కోడలి బాధ్యతలు.’

కావాలనే ఇచ్చిందని వేరే చెప్పాలా? ఆ వారమంతా మూటలు కడుతూ పళ్ళు నూరాను. అయినా పరీక్ష నాది, అవసరం నాది. కోపం మింగి, పద్ధతిగా ‘ఈ వ్యాసంలో నేను కోడలి బాధ్యతల గురించి చర్చిస్తాను’ అని మొదలుపెట్టి నాలుగు పేజీలు రాసుకెళ్ళాను. ఆవిడ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఎర్ర పెన్సిలుతో దాని మీద అడ్డంగా గీత కొట్టి, చర్చిస్తానంటున్నావుగా, చర్చించు, వింటాను అంది. ఏమంటావో చెప్పడానికి ధైర్యం లేనివాళ్ళే చర్చిస్తామంటారని కూడా అంది. మిగతా పేజీలు తిప్పనైనా తిప్పలేదు.

ధైర్యం అనే మాట విన్నాక నాకు చిర్రెత్తుకొచ్చింది. కాగితం లాక్కుని, అక్కడే, ఆవిడ ఎదురుగా, ఆవిడ పెన్నుతోనే రాశాను. ‘మంచం పట్టిన మనిషికి చేసేవాళ్ళకంటే దూరంగా ఉండి వచ్చిపోయేవాళ్ళకే ఆ చేతలో తప్పులు ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే చేసేవాళ్ళకు తప్పులు వెతికే తీరిక ఉండదు.’ రాసి ఆవిడ వైపు తోశాను. ఇప్పుడు బయటికి పొమ్మంటుందని అనుకున్నాను.

ఆవిడ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. పెన్సిలు ఎత్తి, వాక్యం కింద ఒక గీత గీసింది. కొట్టివేసే గీత కాదు. పక్షం ఉందంది. కారణం ఉందంది. వచ్చిపోయేవాళ్ళు అంటే ఎవరో, ఎన్నిసార్లు వచ్చారో తేలలేదు కాబట్టి మసగ్గా ఉందంది. పక్కన ఇరవైకి పదకొండు వేసింది.

అప్పటికి నాకు అర్థమైంది ఆవిడ జబ్బు. మనిషిగా నన్ను చూస్తే ఆవిడకు పడదు. కానీ కాగితం మీద మంచి వాక్యం కనిపిస్తే, అది తనను తిట్టిన తిట్టయినా సరే, మార్కు వెయ్యకుండా ఉండలేదు. ముప్పై మూడేళ్ళ అలవాటు. ఎంత బాగా తిడితే అన్ని మార్కులు. ఇంతకంటే నాక్కావలసిందేముంది?

మూడో ఆదివారం, అంతకుముందు పరీక్షలో తప్పిన రెండు వ్యాసాలనూ గుర్తున్నంతవరకు మళ్ళీ రాసుకు రమ్మంది. రెండూ చదివి, ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. తర్వాత, ఇది చూడు అని రెండు కాగితాల అడుగునా వేలు పెట్టింది. రెండింట్లోనూ నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఆఖరి పేరాలో ఆఖరి వాక్యంగా ఉంది. దిద్దేవాడు రోజుకు వంద పేపర్లు దిద్దుతాడట. మొదటి పేరాలో సరుకు కనిపించకపోతే ఆఖరిదాకా కాళ్ళీడ్చుకుంటూ రాడట. ఇలా తలకిందులుగా రాయడం ఎవరు నేర్పారని అడిగింది.

ఎవరూ నేర్పలేదు, మా గది నేర్పింది. మా దగ్గర చీటీ ఆఖర్న రాయాలి. అది మా గదిలో మొదటి పాఠం. ముందే చీటీ రాసి పెట్టుకుంటే చెయ్యి చీటీని నమ్ముతుంది, కన్ను ట్రేని చూడదు. పన్నెండు పట్టకార్లు అని రాసేసి పదకొండు పెట్టి మూటకట్టిన మనిషిని నేను చూశాను. అందుకని ముందు సర్దాలి, కళ్ళతో చూడాలి, వేలితో తాకాలి, అప్పుడు రాయాలి. పందొమ్మిదేళ్ళు అలా చేసిన చేతికి, పరీక్షలో కూడా మాట ఆఖర్నే వచ్చింది. ఈ సంగతి ఆవిడకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, నా పని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. ఆ చీటీ ఎక్కడ అంటిస్తారని అడిగింది. మూట పైన అన్నాను.

“మరింకేం. ఆఖర్నే రాయి. అంటించేది మాత్రం పైన.”

కాగితం తీసి, పైన నాలుగు లైన్లు ఖాళీగా వదిలి, ఐదో లైను మీద పెన్సిలు మొన ఆనించి చూపించింది. ముందు కింద పేరాలు రాయాలి. రాస్తూ ఉంటే ఏమనుకుంటున్నావో నీకే తెలుస్తుంది. తెలిశాక వెనక్కొచ్చి ఆ నాలుగు లైన్లు నింపాలి. అంతే, అంది. నా తలలో ఏదో తాళం తిరిగినట్టయింది. థాంక్సు చెప్పాలనిపించింది, కానీ ఆవిడ మొహం చూశాక ఆ మాట వెనక్కి పోయింది.

ఆ తర్వాత నాలుగో ఆదివారం, ఐదో ఆదివారం యుద్ధాలే. చదువు విలువ మీద రాయమంది. చదువు లేనివాళ్ళ మొరటుతనం మీద నాలుగు మాటలు పడతాయని ఆశపడిందేమో. ‘చదువు ఎక్కువైనవాళ్ళకు ఎప్పుడూ ఎదుటివాళ్ళ తప్పే కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళ చేతి పెన్సిలు బయటివైపే రాస్తుంది’ అని రాశాను. ‘ఎప్పుడూ’ అనే మాట చుట్టూ సున్నా చుట్టింది. ఎదురు ఉదాహరణ ఒక్కటి దొరికితే నీ వ్యాసం మొత్తం కూలుతుంది, ‘తరచుగా’ అను అంది. తిట్టు తనకేనని తెలిసీ, ఆ తిట్టును గట్టిపరిచి చేతికిచ్చింది. పదమూడు వేసింది. కృతజ్ఞత మీద రాస్తే పద్నాలుగు. మా ఆయన రెండు అంతస్తుల మధ్యా అనుమానంగా తిరిగేవాడు. పైనుంచి అరుపులు వినపడటం లేదు, కిందికి దిగే నా మొహం మాత్రం వెలిగిపోతోంది. లోపలేం జరుగుతోందని అడిగితే, మీ అక్కను తిట్టి మార్కులు తెచ్చుకుంటున్నానన్నాను.

ఆరో ఆదివారం వచ్చింది. పరీక్ష గురువారం. ఆఖరి అంశం ఇంటికివ్వకుండా అక్కడికక్కడే రాయాలంది. కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. ‘పిలవవలసిన వాళ్ళను పిలవకపోవడం.’

ఆరు వారాలూ ఆవిడ దీనికోసమే ఎదురుచూసిందని నాకప్పుడు తెలిసింది. వాక్యం రాయడం నేర్పింది కూడా ఇందుకేనేమో. సరే, జవాబు నా దగ్గర ఎలాగూ ఉంది. నాలుగున్నరేళ్ళుగా దాచుకున్న జవాబు. పేరాలు గీరాలు లేకుండా పైన నాలుగు లైన్లలోనే రాసి ఇచ్చాను. ‘పోయే మనిషి ఎవర్ని పిలవొద్దంటే వాళ్ళను పిలవకపోవడమే ఆ మనిషికిచ్చే గౌరవం, ఎందుకంటే ఆఖరి రోజు ఆ మనిషిది, మనది కాదు.’

ఆవిడ ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఎవరు పిలవొద్దన్నారు?”

“అత్తయ్య.”

“ఏమంది?”

“దాన్ని పిలవకు అంది.”

నేను గెలిచాననుకున్నాను. ఇన్నేళ్ళు ఆ మాట దాచుకున్నది ఇలాంటి రోజు కోసమే కాబోలు అనుకున్నాను. ఆవిడ మొహంలో రక్తం లేదు. నాకు జాలి కూడా వెయ్యలేదు, నిజం చెప్పొద్దూ, చల్లగా అనిపించింది.

అప్పుడావిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

“మందులు వద్దనేది మా అమ్మ. విన్నావా?”

“లేదు.”

“దుప్పటి మార్చొద్దనేది. డాక్టర్ని పిలవొద్దనేది. తల దువ్వొద్దనేది. విన్నావా?”

నేను పెన్నుకు మూత పెట్టాను.

“పధ్నాలుగు నెలలు ఆవిడ వద్దన్నవన్నీ చేశావు. ఎందుకంటే చెయ్యాలని నీకు తెలుసు. మరి ఇదొక్కటే ఎందుకు విన్నావు?” ఆవిడ గొంతు పెంచలేదు. క్లాసులో అడిగినట్టే అడిగింది. “ఇది ప్రతిపాదన కాదు. దీని వెనక నువ్వు దాక్కున్నావు. మళ్ళీ రాయి. కింద నుంచి రాయి.”

లేచి వెళ్ళిపోవలసింది. కుర్చీ ఎత్తుకుని దిగిపోతే ఎవరేమంటారు? కానీ ఒళ్ళంతా మంటగా ఉంది, ఆవిడ ఎదురుగా ఉంది, కాగితం ఎదురుగా ఉంది. పైన నాలుగు లైన్లు వదిలి రాయడం మొదలుపెట్టాను. మొదటి పేరా పధ్నాలుగు నెలల గురించి. ఎత్తడాలు, దించడాలు, వీపు పుండ్లు, నిద్రలేని కళ్ళతో డ్యూటీకి వెళ్ళడం. రెండో పేరా నెలకోసారి వచ్చే వదిన గురించి. రాగానే అమ్మ గోళ్ళు చూడటం, దుప్పటి అంచు ఎత్తి వాసన చూడటం, ఆవిడను చూడగానే అత్తయ్య మొహం విప్పారడం, నా చేత్తో పన్నెండు ముద్దలు తిననిది ఆవిడ చేత్తో గిన్నె ఖాళీ చెయ్యడం. మూడో పేరా ఆఖరి రోజు గురించి. అక్కడికొచ్చేసరికి చెయ్యి నడవలేదు. ‘పొద్దున నీళ్ళు అడిగింది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. నాలుగింటికి పోయింది.’ అంతే రాయగలిగాను.

అప్పుడు పైకి వెళ్ళి నాలుగు లైన్లు నింపాను. ‘అత్తయ్య పిలవొద్దన్న మాట నిజమే అయినా, నేను వదినను పిలవకపోవడానికి కారణం అది కాదు, పధ్నాలుగు నెలలు నేను ఒక్కదాన్నే మోసిన మనిషిని ఆఖరి పూట ఆవిడ వచ్చి తన సొంతం చేసుకోవడం నాకు ఇష్టం లేదు.’

రాశాక చదువుకుంటే నాకే భయం వేసింది. అయినా ఇచ్చాను. ఆవిడ పైన ఉన్న వాక్యం చదివింది. పెన్సిలు ఎత్తింది, కాగితం దాకా తెచ్చింది, ఆనించలేదు. కిందికి వెళ్ళు అంది. తలుపు దగ్గరికి వెళ్ళాక గుర్తొచ్చింది కుర్చీ తీసుకోలేదని. వెనక్కి వెళ్ళే ధైర్యం లేక అలాగే దిగిపోయాను.

గురువారం పరీక్ష రాశాను. అంశం ‘రోగి భద్రత ఎవరి బాధ్యత?’ చుట్టూ అందరూ మొదటి లైనులోనే పెన్ను పెట్టి పరుగులు తీస్తున్నారు. నేను నాలుగు లైన్లు వదిలాను. పదకొండు పట్టకార్ల మూట గురించి రాశాను. ఆ తప్పు బయటపడ్డాక గదిలో ఆరుగురం ఒకరి మొహాలొకరు చూసుకుని, అందరం చూసుకోవలసింది అనుకోవడం గురించి రాశాను. ఆఖరి పది నిమిషాల్లో పైకొచ్చి నింపాను. ‘రోగి భద్రత అందరి బాధ్యత అనడం వల్లే అది ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది కాబట్టి, ప్రతి మూట మీదా ఒకే ఒక్క మనిషి సంతకం ఉండాలి.’ సంతకం అని రాస్తుంటే గుర్తొచ్చింది. ఆ రోజు, అత్తయ్య దగ్గర, ఉన్నది నేనొక్కదాన్నే.

ఫలితాలు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ లిఫ్టుకు పని లేదు. పైనుంచి ఒక్క మాట దిగలేదు. ఏం జరిగిందని మా ఆయన నిలదీస్తే మొత్తం చెప్పాను. ఆయన అరవలేదు. అమ్మ అలా అందా అని ఒక్క మాట అడిగి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, నాతోనైనా చెప్పి ఉండొచ్చు కదే అన్నాడు. భోజనాల దగ్గర ఒక కుర్చీ తక్కువైంది. ఆ కుర్చీ మాట ఇద్దరం ఎత్తలేదు.

యాభైకి ముప్పై ఏడు వచ్చాయి. ఆ కాగితం చేతికొచ్చిన సాయంత్రం, గెలిచిన మొహం చూపించాలని తిన్నగా మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది. నా నీలం కుర్చీ బల్లకు ఎదురుగా, నేను వదిలిన చోటే ఉంది. వదిన మార్కుల కాగితం చూసింది. ఏం అంశమిచ్చారని, ప్రతిపాదన ఏం రాశావని అడిగింది. అప్పజెప్పాను.

“‘ప్రతి మూట’ అన్నావు” అంది. “ఎదురు ఉదాహరణ ఒక్కటి చాలు.”

అభినందన అంటే అదే అన్నమాట. నేను వెనక్కి తిరగబోతుంటే సొరుగు లాగి ఒక కాగితం తీసింది. ఆరో ఆదివారం రాసిన వ్యాసం. దిద్ది ఉంది. ఇరవైకి పదిహేడు.

“నువ్వు చేసింది నేను మర్చిపోను” అంది, నా కళ్ళలోకి చూస్తూ. నాలుగున్నరేళ్ళలో వ్యాసం గురించి కాకుండా ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. “మార్కుల సంగతి వేరు.”

కాగితం తీసుకుని కిందికొచ్చి, వంటింటి దీపం కింద నిలబడి చదివాను. పైన వాక్యం మీద ఎర్ర గుర్తు ఒక్కటీ లేదు. మొదటి పేరాలో ‘వీపు పుండ్లు’ దగ్గర చిన్న గీత ఉంది, పక్కన ఏమీ రాయలేదు. రెండో పేరాలో రెండు అక్షర దోషాలు దిద్దింది. మూడో పేరా కింద మాత్రం, పెన్సిలు గట్టిగా నొక్కి రాసిన అక్షరాలున్నాయి. ‘చాలాసేపు మాట్లాడింది అంటే ఏం మాట్లాడింది? ఆధారం చాలదు. పూర్తిగా రాసి ఆదివారం తీసుకురా.’

నేను గ్యాసు పొయ్యి ఆపి కూర్చున్నాను.

ఆ రోజు అత్తయ్య మాట్లాడిందంతా వదిన గురించే. ఒక్క మాట కూడా నా గురించి కాదు. దాన్ని పిలవకు, పరీక్షల రోజులు, పిల్లలు దానికోసం కూర్చుని ఉంటారు అంది. చిన్నప్పుడు జ్వరంలో కూడా బడి మానేది కాదంది. అది అక్షరం నేర్చుకున్నాక నాకు నేర్పబోయింది, నేను వినలేదు అంది. పిలవకు పిలవకు అంటూనే, పదింటినుంచి మూడుసార్లు తలుపు వైపు తల తిప్పి, ఎవరో వచ్చినట్టున్నారు చూడమంది. మూడుసార్లూ లేచి వెళ్ళి వీధి తలుపు తీశాను. మూడుసార్లూ వచ్చి, ఎవరూ లేరత్తయ్యా అన్నాను. ఫోను నా చేతిలోనే ఉంది.

ఇది ఎవరికీ చెప్పలేదు. వదినకు ఇవ్వాలని ఇప్పటికీ లేదు. పధ్నాలుగు నెలలకు నాకు మిగిలింది ఆ పూట ఒక్కటే, అదీ నాది కాదని నా చేత్తోనే రాసి ఆవిడకిచ్చుకోవాలి.

మా ఆయన వచ్చి అన్నం పెట్టవా అని అడిగాడు. వడ్డించుకోమన్నాను. కొత్త కాగితం తీసి, పైన నాలుగు లైన్లు వదిలి, తలుపు దగ్గరినుంచి మొదలుపెట్టాను.